గాజుతొట్టి అడుగున

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు అంచున, చాంద్రాయణగుట్ట దాటిన తరువాత బార్కస్ వస్తుంది. 'బ్యారక్స్' అనే ఆంగ్లపదం అక్కడివారి నాలుకపై ఈ రూపం దాల్చింది. నిజాముల కొలువులో సైనికులుగా పనిచేయడానికి యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చిన అరబ్బులు ఇక్కడ నివసించేవారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన పిమ్మట ఆ సైన్యం రద్దయింది. కుటుంబాలు మాత్రం ఇక్కడనే స్థిరపడిపోయాయి. బార్కస్ జామపండ్లకు నగరమంతటా పేరుంది. పావురాలను, పక్షులను మక్కువతో పెంచుకొనే అలవాటు పాతబస్తీలో తరతరాలది. అటువంటి ఇండ్లలో మేడమీద పావురాల గూడు, ముందుగదిలో రంగురంగుల చేపలు తిరిగే గాజుతొట్టి ఒకే చోట కనిపించడం వింత కాదు.

గాజుతొట్టి ముందు నిలుచున్నవారి చూపు సాధారణంగా నడిమి నీటిలో మెరిసే చేపల మీదికి పోతుంది. అడుగున ఇసుకలో మూతి దూర్చి, మీసాలతో తడుముకొంటూ గుంపుగా తిరిగే చిన్న చేపలను ఎవరూ అంతగా పట్టించుకోరు. దుకాణదారు కూడ వాటిని గురించి ఒక్కమాటే చెబుతాడు: "ఇవి తొట్టిని శుభ్రం చేస్తాయి." ఈ ఒక్క మాట వలన ఎన్ని చేపలు ఆకలితో చనిపోయాయో లెక్క లేదు. ఆ చేపల పేరు కోరిడోరాస్. పెంపకందారులు వాటిని ముద్దుగా 'కోరీ' అని పిలుస్తారు.

మీసాల చేపలు తెలుగువారికి కొత్తవి కావు. వాలుగ, మార్పు, జెల్ల మన చెరువులలోను, నదులలోను పుట్టి పెరిగేవే. వీటన్నిటికి నోటి చుట్టూ మీసాలు ఉంటాయి. పిల్లి మీసాలను పోలి ఉండడం వలన ఆంగ్లంలో 'క్యాట్‌ఫిష్' అనే పేరు వచ్చింది. అయితే వాలుగ ఇతర చేపలను వేటాడి మింగే పెద్ద జీవి. దానిని చిన్న చేపలతో కలిపి తొట్టిలో ఉంచడం మేకలమందలో తోడేలును కట్టివేయడమే. కోరిడోరాస్ అందుకు పూర్తిగా భిన్నమైనది. అందులో అతి చిన్నవి మూడు సెంటీమీటర్లకు మించవు. సాధారణంగా దుకాణాలలో దొరికేవి ఆరేడు సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. తోటి చేపను కరవడం, తరమడం వాటి స్వభావంలో లేదు.

వీటి స్వస్థలం దక్షిణ అమెరికా. ఆండీస్ పర్వతాలకు తూర్పున, అమెజాన్, ఒరినోకో, లా ప్లాటా నదీవ్యవస్థలలోని వాగులలో, వరదమైదానాలలో ఇవి నివసిస్తాయి. 1803లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లాసెపెడ్ ఈ ప్రజాతికి నామకరణం చేశాడు. గ్రీకుభాషలో 'కోరిస్' అంటే శిరస్త్రాణం, 'డోరా' అంటే చర్మం. పేరు సార్థకమైనదే. ఈ చేపలకు మామూలు పొలుసులు ఉండవు. దేహానికి ఇరువైపులా రెండేసి వరుసలలో ఎముక పలకలు కవచం వలె అమరి ఉంటాయి. చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడపై ప్రయాణించిన కాలంలో సేకరించిన చేపలలో మిరియాల వంటి మచ్చలున్న ఒక కోరిడోరాస్ కూడ ఉంది. దానిని 1842లో లియోనార్డ్ జెనిన్స్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. నేటికీ అది అక్వేరియం దుకాణాలలో దొరుకుతూనే ఉంది. 2024లో శాస్త్రవేత్తలు ఈ పెద్ద ప్రజాతిని విడదీసి పలు ప్రజాతులుగా వర్గీకరించారు. అందువలన కొన్ని చేపల శాస్త్రీయనామాలు మారాయి. దుకాణాలలో మాత్రం పాత పేరే చెల్లుబాటు అవుతున్నది.

ఈ చేపను తొలిసారిగా తెచ్చుకొన్నవారిని ఒక దృశ్యం కంగారు పెడుతుంది. నేలమీద నెమ్మదిగా తిరుగుతున్న చేప ఒక్కసారిగా బాణం వలె పైకి దూసుకుపోయి, నీటి ఉపరితలాన్ని తాకి, మరుక్షణంలో అడుగుకు చేరుతుంది. అది జబ్బు కాదు. కోరిడోరాస్ మొప్పలతో పాటు పేగుతో కూడ శ్వాసించగలదు. గాలిని మింగినప్పుడు రక్తనాళాలు దట్టంగా ఉన్న పేగు వెనుకభాగం అందులోని ప్రాణవాయువును గ్రహిస్తుంది. మిగిలిన వాయువు వెనుకనుండి బయటికి పోతుంది. వేసవిలో ప్రాణవాయువు తగ్గిపోయే గుంటలలో బ్రతకడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు ఇది. కాబట్టి తొట్టిలో నీటిని అంచుదాకా నింపి, పైన అద్దం బిగించకూడదు. మధ్య రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. చేప అప్పుడప్పుడు పైకి పోవడం సహజం. గుంపులోని చేపలన్నీ మాటిమాటికి పైకి పరుగెత్తుతుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గాని, నీరు విషపూరితమైనదని గాని అనుమానించవలసి ఉంటుంది.

ఇక 'శుభ్రం చేసే చేప' అన్న మాట సంగతి. కోరిడోరాస్ ఇతర చేపల మలాన్ని తినదు. అద్దానికి పట్టిన పాచిని గీకదు. అది కీటకాల డింభకాలు, పురుగులు, చిన్న క్రస్టేషియన్లు ఏరుకొని తినే జీవి. అడుగుకు జారిన మేత నలుసులను తింటుందన్నది నిజమే. ఆ నలుసులతోనే దాని కడుపు నిండుతుందన్నది అబద్ధం. పైనున్న చేపలు చురుకుగా తినేవైతే అడుగుకు చేరే మేత శూన్యం. అటువంటి తొట్టిలో కోరీ నెలల తరబడి చిక్కిపోతూ ఉంటుంది. దాని శరీరం కవచంలో ఉండడం వలన ఆ చిక్కడం పైకి కనిపించదు. కడుపు లోపలికి అంటుకుపోయినప్పుడు మాత్రమే యజమాని గమనిస్తాడు. అప్పటికి ఆలస్యమై ఉంటుంది. ఇది ఏ దుకాణదారుడి దుర్మార్గం వలనో జరిగేది కాదు. తేలికగా చెప్పి, తేలికగా నమ్మిన మాట వలన జరిగేది.

కనుక వీటికి మేత విడిగా వేయాలి. నీటిలో మునిగి అడుగుకు చేరే బిళ్ళలు దుకాణాలలో లభిస్తాయి. దీపం ఆర్పిన తరువాత, మిగతా చేపలు సద్దుమణిగిన వేళ నాలుగు బిళ్ళలు వేస్తే కోరీలు మీసాలతో వెదకి తింటాయి. వారానికి ఒకటి రెండుసార్లు రక్తపు పురుగులనే ఎర్రని కీటక డింభకాలు గడ్డకట్టించినవి గాని, ఉడికించి తొక్క తీసిన బఠానీ గాని పెట్టవచ్చు. పదిహేను నిమిషాలలో తినగలిగినంత మేత చాలు. మిగిలిన మేత కుళ్ళిపోతుంది.

ఈ కుళ్ళుటలోనే అక్వేరియం శాస్త్రమంతా ఇమిడి ఉన్నదనవచ్చు. చేపల విసర్జనల నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. అది మొప్పలను కాల్చే విషం. తొట్టిలోని ఇసుకపై, వడపోత స్పంజిపై నివసించే ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడ విషమే. మరొక రకం బాక్టీరియా దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వలన హాని చాలా తక్కువ. వారానికి నాలుగవ వంతు నీటిని మార్చడం వలన అది పలచబడుతుంది. పొలంలో నత్రజని చుట్టుతిరుగుడు ఎటువంటిదో తొట్టిలోనిది అటువంటిదే. అయితే ఈ బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. సాయంత్రం తొట్టిని కొని, రాత్రికి నీరు నింపి, మరుసటి ఉదయం చేపలను వదిలేవారు వారంలోగా వాటిని పోగొట్టుకొని, "మాకు చేపలు అచ్చిరావు" అనుకుంటారు. అచ్చిరానిది తొందర. వడపోత స్పంజిని కుళాయి కింద పెట్టి కడగడం మరొక పొరపాటు. కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపివేస్తుంది. తొట్టినుండి తీసిన పాత నీటిలోనే స్పంజిని పిండాలి.

హైదరాబాదు నీటిని గురించి వేరుగా చెప్పవలసి ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల నీటితో గడిచిన నగరానికి మంజీరా నీరు తోడైంది. 2004 నుండి కృష్ణానీరు, గత దశాబ్దంలో గోదావరి నీరు కూడ చేరాయి. కుళాయిలో వచ్చే ఈ నీరు శుద్ధిచేసి క్లోరిన్ కలిపినది. దానిని చేపలకు వాడాలంటే సోడియం థయోసల్ఫేట్ కలిగిన మందును చుక్కలుగా వేయాలి. లేదా వెడల్పయిన బకెట్టులో గాలి బుడగలు తగిలేటట్లు ఒక రోజంతా ఉంచాలి. బోరునీటిలో క్లోరిన్ బెడద లేదు గాని, గ్రానైటు నేలలలో లోతునుండి వచ్చే నీరు తరచుగా లవణాలతో నిండి కఠినంగా ఉంటుంది. కోరీలు మృదుజలంలో పుట్టినవి. తొట్టిలలో తరతరాలుగా పెరిగినవి కొంత కాఠిన్యాన్ని ఓర్చుకొంటాయి. మరీ కఠినమైతే ఇంటి తాగునీటి యంత్రం నుండి వచ్చిన నీటిని సగపాలు కలపవచ్చు. ఆ యంత్రపు నీటిని మాత్రమే నింపడం మంచిది కాదు. అందులో చేపకు కావలసిన లవణాలు దాదాపు ఉండవు.

నీటికంటె కష్టమైనది ఎండ. చాలా కోరీలకు 22 నుండి 26 డిగ్రీల సెల్సియస్ వేడిమి సరిపోతుంది. మే నెలలో హైదరాబాదులో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలను దాటుతుంది. పైఅంతస్తు గదిలో తొట్టినీరు 32 డిగ్రీలకు చేరినా ఆశ్చర్యం లేదు. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. ఈ రెంటి మధ్య చేప నలిగిపోతుంది. డార్విన్ సేకరించిన మిరియాల మచ్చల జాతి చల్లని నీటిది. దానిని హైదరాబాదు వేసవికి గురిచేయడం న్యాయం కాదు. తలమీద తెల్లని చుక్కలు, నారింజరంగు వాజపు ముళ్ళు కలిగిన స్టెర్బా కోరీ 28 డిగ్రీల దాకా హాయిగా ఉంటుంది. ఈ నగరానికి తగినది అదే. కాంస్యవర్ణపు కోరీ ఆ తరువాతది.

తొట్టిమూతను తీసి, నీటి ఉపరితలంపై చిన్న పంకా గాలి తగిలేటట్లు పెడితే ఆవిరయ్యే నీరు తనతో వేడిని తీసుకుపోతుంది. కూజాలో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. మంచు గడ్డలు నేరుగా వేయరాదు. మధ్యాహ్నం వేళ మేడమీది నీళ్ళ ట్యాంకు నుండి వచ్చే నీటిని తొట్టిలో పోయడం అన్నిటికంటె ప్రమాదం. అది తాకలేనంత వేడిగా ఉంటుంది. నీరు మార్చే పనిని తెల్లవారుజామున పెట్టుకోవాలి. విద్యుత్తు పోయినప్పుడు గాలియంత్రం ఆగిపోతుంది. అప్పుడు లోటాతో తొట్టినీటినే ముంచి కొంత ఎత్తునుండి తిరిగి పోస్తూ ఉంటే గాలి కలుస్తుంది. పేగుతో శ్వాసించే కోరీ అటువంటి రాత్రిని గట్టెక్కుతుంది. పైనున్న చేపలకు ఆ అదృష్టం లేదు.

తొట్టి రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే దాదాపు 70 లీటర్ల నీరు పడుతుంది. ఆరు కోరీలకు, పది పన్నెండు చిన్న చేపలకు అది చాలు. నీటి బరువే 70 కిలోలు కనుక బల్ల గట్టిదై ఉండాలి. అడుగున పరిచే ఇసుక విషయంలో రాజీ పడరాదు. పదునైన కంకర మీసాలను కోస్తుంది. కోసుకున్న మీసాలకు మురికి నేలలో చీము పడుతుంది. మీసాలు పోయిన కోరీ మేతను వెదకలేదు. నీరు తేటబడేవరకు కడిగిన సన్నని నది ఇసుక రెండంగుళాల మందం సరిపోతుంది. ఇసుకలో మూతి దూర్చి, గింజలను మొప్పల గుండా జారవిడవడం చూడవలసిన దృశ్యం. అలంకారానికి పెట్టే రాయిపై నిమ్మరసం పిండినప్పుడు నురుగు వస్తే అందులో సున్నం ఉన్నదని అర్థం. అది నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది.

కోరీని ఒంటరిగా పెంచరాదు. ఒకే జాతివి ఆరైనా ఉండాలి. ఒంటరి కోరీ రాతిచాటున రోజంతా కదలక పడి ఉంటుంది. అదే ఆరింటి గుంపులో పగలంతా తిరుగాడుతుంది. కన్నును కిందికి తిప్పడం వలన అది కన్నుగీటినట్లు కనిపిస్తుంది. పిల్లలను ఆకర్షించేది ఇదే. నియాన్ టెట్రా, రాస్బోరా, జీబ్రా డానియో వంటి నెమ్మదైన చిన్న చేపలు దీనికి తగిన సహచరులు. వీటిలో జీబ్రా డానియో మన దేశపు చేపే. అదృష్టం తెస్తుందని కొందరు పెంచుకొనే ఫ్లవర్‌హార్న్, నోరు పట్టిన ప్రతిదానిని మింగే ఆస్కార్ వీటి దరిదాపులకు రాకూడదు. కోరీ వాజాలకు గట్టి ముళ్ళు ఉంటాయి. భయపడినప్పుడు అవి నిలువుగా బిగుసుకుంటాయి. దానిని మింగబోయిన పెద్ద చేప గొంతులో ముళ్ళు దిగి రెండూ చనిపోతాయి. వలతో పట్టినా ముళ్ళు చిక్కుకుంటాయి కాబట్టి గిన్నెతో ముంచి తీయాలి. ఏ జబ్బుకైనా గుప్పెడు ఉప్పు వేసే అలవాటు ఈ చేపలకు పనికిరాదు. రంగు ఎక్కించి అమ్మే తెల్లకోరీలు కూడ సంతలో కనిపిస్తాయి. ఆ రంగు సూదితో ఎక్కించినది, కొంతకాలానికి పోయేది. వాటిని కొనకపోవడమే ఆ వ్యాపారానికి సరైన జవాబు.

నీరు నిలకడగా ఉండి, మేత చక్కగా అందితే కోరీలు తొట్టిలోనే గుడ్లు పెడతాయి. స్వస్థలంలో వానకాలం ప్రారంభం కాగానే చల్లని కొత్తనీరు వస్తుంది. అదే వాటికి సంకేతం. తొట్టిలో కొంచెం చల్లని నీటిని పోసి మార్చినా అదే ఫలితం. మృగశిరకార్తె తొలకరికి మన చెరువులలో చేపలు ఎదురెక్కడం చూసినవారికి ఇది వింతగా తోచదు. కాంస్యకోరీ ఫలదీకరణ విధానం మాత్రం వింతే. ఆడచేప మగచేప వీర్యాన్ని నోటితో గ్రహిస్తుంది. అది పేగుగుండా వేగంగా ప్రయాణించి, ఉదరవాజాల మధ్య పట్టుకొన్న గుడ్లను చేరుతుంది. ఈ విషయాన్ని 1995లో జపాన్ పరిశోధకులు వెల్లడించారు. గుడ్లను ఆడచేప అద్దానికి, ఆకులకు అంటిస్తుంది. ఆ తరువాత తల్లిదండ్రులే వాటిని తినివేయడం కూడ జరుగుతుంది.

ఇంతవరకు చెప్పినది కోరీని గురించి. 'శుభ్రం చేసే చేప' అనే పేరుతోనే అమ్ముడయ్యే మరొక చేప ఉంది, అదే సకర్‌ఫిష్. అదీ దక్షిణ అమెరికాదే, అదీ కవచం గలదే, అదీ అడుగున ఉండేదే. కాని కోరీతో దాని పోలిక అంతటితో సరి. దుకాణంలో రెండంగుళాలు ఉండే ఈ చేప నోటితో అద్దానికి అతుక్కొని పాచిని గీకుతుంది. ఒకటి రెండు సంవత్సరాలలో అడుగు పొడవు దాటి, 70 లీటర్ల తొట్టిలో వెనుదిరగడానికి చోటు లేని స్థితికి వస్తుంది. అప్పుడు ఇంటివారు దానిని చంపలేరు, పెంచలేరు. దయతలచి దగ్గరలోని చెరువులో వదలుతారు.

ఆ దయ చెరువుకు శాపమవుతున్నది. సకర్‌ఫిష్‌కు మన నీటిలో శత్రువులు తక్కువ. దాని కవచాన్ని కొరికే చేప లేదు. మురికినీటిలోను బ్రతుకుతుంది. మగచేప గుడ్ల కోసం గట్టులో పొడవైన బొరియలు తవ్వుతుంది. జాలరి వలలో పడితే ముళ్ళతో వలను చింపుతుంది. తినేవారు లేక ధర పలకదు. మెక్సికోలోని ఇన్‌ఫియర్నీయో జలాశయంలో ఒకప్పుడు తిలాపియా చేపలతో నిండిన వలలు ఈ చేపలతో నిండి, జాలరుల జీవనోపాధి దెబ్బతిన్నది. కృష్ణా, గోదావరి పరీవాహక ప్రాంతాలలో కూడ ఇది కనిపిస్తున్నది. హైదరాబాదు అత్తాపూర్‌లో ఉన్న సి.సి.ఎం.బి. అనుబంధ ప్రయోగశాల 'లాకోన్స్' శాస్త్రవేత్తలు చేపను పట్టకుండానే, నీటిలో అది విడిచిన డి.ఎన్.ఎ. ఆనవాళ్ళను బట్టి దాని ఉనికిని కనిపెట్టే పద్ధతిని రూపొందించారు. తూర్పు కనుమల ప్రాంతంలో వారు పరీక్షించిన జలాశయాలలో సగానికి మించిన వాటిలో దాని జాడ దొరికింది.

బార్కస్‌కు ఈ సంగతి దూరపుది కాదు. బాలాపూర్ వైపు ఉన్న గుర్రం చెరువు కట్ట 2020 అక్టోబరు వానలకు తెగి, దిగువనున్న బస్తీలు మునిగిపోయాయి. అతివృష్టి వలన జరిగిన ఆ విపత్తుకు, ఏ చేపకూ సంబంధం అంటగట్టనవసరం లేదు. అయితే చెరువు తెగినప్పుడు అందులోని చేపలు ఎక్కడికి పోతాయన్నది ఆలోచించవలసిన ప్రశ్న. హైదరాబాదు చెరువులు గొలుసుకట్టుగా ఏర్పడినవి. పైచెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు, అక్కడినుండి మూసీకి, మూసీ నుండి కృష్ణకు చేరుతుంది. ఒక ముందుగదిలోని తొట్టి నుండి ఒక బకెట్టులో బయలుదేరిన చేపకు ఈ దారి అంతా తెరచి ఉంటుంది.

కోరీ చిన్నది, బొరియలు తవ్వదు. దానివలన ఇంతటి హాని కనిపించలేదు. అయినా దానిని సైతం చెరువులో వదలరాదు. తొట్టిలో పెరిగిన చేపతో పాటు తొట్టిలోని రోగక్రిములు, పరాన్నజీవులు కూడ చెరువులోకి దిగుతాయి. పెంచలేని పరిస్థితి వచ్చినప్పుడు చేపను దుకాణానికే తిరిగి ఇవ్వవచ్చు. ధర రాకపోయినా చాలామంది దుకాణదారులు తీసుకుంటారు. తొట్టి ఉన్న ఇరుగుపొరుగు వారికి ఇవ్వవచ్చు. సగం నీరు, సగం గాలి ఉన్న సంచిలో, ఒక్కొక్క కోరీని వేరువేరుగా కట్టి తీసుకుపోవాలి. ఒకే సంచిలో కుక్కితే వాటి ముళ్ళు సంచిని చీలుస్తాయి, భయంలో అవి వదిలే స్రావం అదే నీటిలోని చేపలన్నిటిని చంపుతుంది. కొత్త ఇంటిలో సంచిని పావుగంట సేపు తొట్టినీటిపై తేలనిచ్చి, నీటిని కొంచెం కొంచెంగా కలిపి, చీకటిపడిన తరువాత చేపను వదలాలి. ఆ రాత్రి మేత వేయనవసరం లేదు.